మగ్గం ఆగే పాట

పెళ్లయి ఎమ్మిగనూరు వచ్చిన కొత్తలో నాకు మొదట అర్థమైంది మనుషులు కాదు, మగ్గం. మా ఆయన గుంటమగ్గంలో కూర్చుంటే పొద్దుగూకే దాకా ఇల్లంతా దాని చప్పుడే. పక్క గదిలో మా అత్త రాట్నం ముందు కండెలకు నూలు చుడుతూ, చెవి మాత్రం అటే వేసి ఉంచేది. చప్పుడు ఆగితే చాలు, "పోగు తెగిందారా?" అని కేక. "మగ్గం ఆగిందంటే ఏందో తప్పు జరిగినట్లేమ్మే" అని నాకూ నేర్పింది. కొన్నాళ్లకు వంటింట్లో ఉన్న నేను కూడా చప్పుడు ఆగగానే ఉలిక్కిపడటం మొదలుపెట్టాను.

మా ఆయనకు మాటలు తక్కువ. తక్కువంటే మరీ తక్కువ. కూర బాగుందా అంటే ఊ అంటాడు, బాగాలేదా అన్నా ఊ అంటాడు. ఆ ఊ పట్టుకుని ఏం కాపురం చేయాలి? నేనంటే ఇష్టమో, ఇంట్లో ఒక మనిషి ఎక్కువైందనుకుంటున్నాడో తెలియక తల బద్దలయ్యేది. నేరుగా అడగడానికి నోరు రాలేదు. మగ్గం పక్కన చిన్న స్పీకరు డబ్బా ఒకటి ఉండేది. అందులో పెన్ డ్రైవ్ పెట్టుకుని ఎప్పటివో అవే పాటలు వేసేవాడు. సరే, నా పాటలు పెట్టి చూస్తే మనిషి కాస్తన్నా తెలుస్తాడేమో అనుకున్నాను.

పుట్టింటికి ఆదోని పోయినప్పుడు బస్టాండు దగ్గర సెల్ ఫోన్ల షాపుకు వెళ్లాను. షాపాయన "అన్నీ కలిపి నింపేస్తానక్కా, నెలంతా ఇనొచ్చు" అన్నాడు.

"వద్దన్నా, నేను సెప్పినవే, సెప్పిన వరసలోనే ఎక్కించు."

చెప్పడమైతే చెప్పాను గానీ, ఆ వరస ఏమిటో నాకే తెలియదు. దేవుడి పాటతో మొదలుపెడితే అత్త సంతోషిస్తుంది, ఆయనకు భజనలో కూర్చున్నట్టుంటుంది. పెళ్లిపాట ముందు పెడితే నేనే మీద పడినట్టుంటుంది. ఏడుపు పాట పక్కన హుషారు పాట పెట్టించి, మార్పించి, మళ్లీ మొదటికే వచ్చాను. షాపాయన విసుగ్గా టీ తెప్పించుకుని, "ఇంట్లో పెండ్లా అక్కా?" అన్నాడు. అయిపోయిందన్నాను. "మరి ఇంత ఇదెందుకు?" అన్నాడు. ఎందుకో నాకూ తెలిస్తే కదా!

చివరికి అన్నిటి మధ్యలో నాదంటూ ఒక్క పాట పెట్టించాను. మా అమ్మ పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పని నుంచి వచ్చి జొన్నరొట్టెలు చేస్తూ పాడుకునే కన్నడ పాట అది. మాటలు సగమే అర్థమవుతాయి. అయినా అది వింటే మా ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది నాకు.

ఎమ్మిగనూరులో ఆ పెన్ డ్రైవ్ పెట్టిన రోజు దేవుడి పాటకు మగ్గం ఆడింది. హుషారు పాటకూ ఆడింది. నా పాట రాగానే ఆగిపోయింది. పోగు తెగిందేమో అనుకున్నాను. పాట అయిపోగానే మళ్లీ చప్పుడు మొదలైంది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. "ఏం పాట పెట్టినావే, దానికే పోగు తెగుతాంది" అంది అత్త.

నాకు ఒళ్లు మండింది. పని మానుకుని కూర్చునేంత చేదుగా ఉందా మా అమ్మ పాట? మండిన కాసేపటికే ఏడుపొచ్చింది. ఆయన నూలు తేవడానికి పోయినప్పుడు పెన్ డ్రైవ్‌ను ఫోనుకు తగిలించి ఆ పాట తీసేశాను.

మరుసటి రోజు నా పాట రావలసిన చోట వేరే పాట వచ్చింది. మగ్గం ఆగనే ఆగింది. ఈసారి ఆయన గుంటలోంచి లేచి వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

"ఆ కన్నడ పాట యాడికి పోయింది?"

"తీసేస్తి. అది రాంగానే మగ్గం ఆపుతాండావు గదా. నీకు నచ్చలేదేమో అనుకుంటి."

ఆయన నన్ను వింతగా చూశాడు. "మగ్గం సప్పుట్లో పాట సరిగ్గా యాడ ఇనపడుతుంది? తక్కినవి ఇనపడకున్నా ఏం గాదు. అది ఇనాలనే ఆపుతాంటి."

గరిటె పక్కన పెట్టి ఆయన వైపు తిరిగాను. పక్క గదిలోంచి అత్త కేకేసింది.

"మగ్గం ఆగిందేమిరా? పోగు తెగిందా?"

"లేదు మా, పాట ఇంటాండా" అన్నాడు ఆయన, నావైపే చూస్తూ.

పాటేదీ? స్పీకరు డబ్బా కూడా ఆపేసే వచ్చాడు. గొంతు బాగుండకపోయినా, మాటలు సగమే వచ్చినా, మెల్లగా అందుకున్నాను.