ముందు మీరు దిగండి

ఆ రోజుల్లో ఎదుటివాళ్లకి అడ్డం రాకుండా బతకడమే మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద చదువు. మాది కలిదిండి దగ్గర చేపల చెరువుల ఊరు. చెరువు గట్టు మీద ఒక్క బండికే చోటు. ఎదురుగా ఎవరైనా వస్తే నాన్న "రండి, రండి" అని చెయ్యి ఊపుతూ జీపుని గట్టు మొదటిదాకా వెనక్కి నడిపేవారు. (అవతలాయనా అదే పని చేసి, గట్టు ఖాళీగా మిగిలిపోవడం నేను కళ్లారా చూశాను.) ఈ పెంపకంతో వెళ్లి తాడేపల్లిగూడెం అవతల కొన్నాళ్లు నడిచిన ఓ చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో చేరాను.

అక్కడ కంట్రోల్ టవర్ లేదు. ఎవరు ముందు దిగాలో చెప్పే నాథుడే లేడు. ఎక్కడున్నారో, ఏం చేయబోతున్నారో గాల్లో ఉన్నవాళ్లే రేడియోలో చెప్పుకోవాలి. "చెప్పండి, చెప్పిందే చెయ్యండి. విమానానికి రివర్స్ గేరు లేదు" అనేవారు మా మాస్టారు. నేను మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజున నాన్న కూడా వచ్చారు. క్షేమంగా దిగితే సరి, లేకపోతే బుద్ధిగా ఇంటికొచ్చి చేపలకి మేత వేసుకోవాలని ముందే చెప్పేశారు.

చక్కగానే లేచాను. కొల్లేరు వైపు ఓ చుట్టు తిరిగి, దిగడానికి వస్తున్నానని రేడియోలో చెప్పానో లేదో, మెత్తటి గొంతొకటి పలికింది. నాతోపాటు నేర్చుకుంటున్న ఏలూరాయన. (క్యాంటీన్‌లో ఆఖరి గారె ఎవరూ తినకుండా చల్లారిపోయేది మా ఇద్దరి మూలానే.)

"ఏవండీ, నేనూ దిగడానికే వస్తున్నానండీ. ముందు మీరు దిగండి."

"అయ్యో, మీరే ముందున్నారు కదండీ. మీరు కానివ్వండి."

"అబ్బే, మీకిది మొదటిసారి కదండీ..."

ఇక లాభం లేదని, ఆయనకి దారివ్వడానికి నేను పక్కకి తప్పుకున్నాను. నాకు దారివ్వడానికి ఆయనా తప్పుకున్నారు. ఆ సంగతి ఇద్దరం చెప్పుకోలేదు. ఆయన దిగిపోయుంటారని నేను, నేను దిగిపోయుంటానని ఆయన, చెరో పక్క నుంచీ మళ్లీ రన్‌వే వైపు తిరిగాం. చూద్దును కదా, ఆయన విమానం నా ఎత్తులోనే, నా మీదకే వస్తోంది! కళ్లజోడు కూడా కనిపించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏవండీ, మీరు..." అని మొదలుపెట్టాడా మహానుభావుడు.

"నేను పైకి పోతున్నా! మీరు నోరు మూసుకుని దిగండి!" అని గొంతు చించుకుని అరిచి, ఇంజన్‌కి ఉన్న బలమంతా ఇచ్చి పైకి లేపాను. ఆయన కిందికి జారిపోయారు.

ఇంకో చుట్టు తిరిగొచ్చి నేనూ దిగాను. మాస్టారి చేతి రేడియోలో నాన్న అంతా విన్నారు. "మీ మర్యాదలు తగలెయ్య! ఇద్దరూ కొన్నాళ్లు విమానం దరిదాపులకి రాకండి" అని మాస్టారు చెడామడా తిట్టారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆఖర్న అరిచావు చూడు, అదే మాట మొదట్లో చెప్పాల్సింది. ఆ గొంతుతోనే మళ్లీ రా" అన్నారు. నాన్న నన్ను జీపెక్కించుకున్నారు. "ఇంత గొంతుందని ఎప్పుడూ చెప్పలేదేమే తల్లీ" అన్నారు, కళ్లు తుడుచుకుంటూ. మేత సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నేనే పిల్లలకి విమానం నేర్పుతున్నాను. రేడియోలో నా గొంతంటే వాళ్లకి హడల్. మొన్న మా గట్టు మీద వెళ్తుంటే ఎదురుగా ఓ కారొచ్చింది. నా చెయ్యి దానంతటదే రివర్స్ గేరు మీదకి పోయింది. చివరిదాకా వెనక్కి పోయి తలెత్తి చూస్తే, ఆయనా అటు చివరిదాకా వెళ్లిపోయి నా కోసం ఆగి ఉన్నాడు. మధ్యలో గట్టంతా ఖాళీ. పక్క సీట్లో నాన్న ఉంటే ఎంత నవ్వేవారో.