వైపని రాజేశం తెంపిన మూడు వందల పోగులు

సిరిసిల్లలో సాంచా అనే మరమగ్గం మీద పాత పడుగు అయిపోతే, కొత్త పడుగును దాని కొసలకు పోగు పోగునా అతికేవాణ్ణి వైపని కార్మికుడంటారు. రాజేశం ముప్పయ్యేళ్లుగా ఆ పనిలోనే ఉన్నాడు. వేళ్లకు బూడిద అద్దుకొని ఒక్క మెలి తిప్పితే, అతుకు ఎక్కడుందో సాంచాకే తెలియదు. లోకంలో ఎందుకూ కొరగాని పనులకు కూడా శిలాఫలకాలున్నాయి. ఈ పనికి మిగిలేది నడుం నొప్పి.

రెండేళ్ల కింద అతని మెదడులో గడ్డ బయటపడింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి, ఆపైన ముప్పయి రోజులు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. గడ్డ పోయింది. "బతికి బయటపడ్డవ్, ఇంకేం కావాలె" అన్నారందరూ. ఆ మాట వింటేనే రాజేశానికి ఒళ్లు మండేది. ఏడాదిగా చేసిన పని చేసినట్టు గుర్తుండడం లేదు మరి. పక్కింటివాళ్లు కల్లు అన్నారు. బావమరిది వయసు అన్నాడు, యాభై మూడేళ్లకే! భార్య సారక్క రెండుసార్లు దిష్టి తీసింది, మొదటిసారి సరిగా పోలేదని.

చివరికి దేవదాస్ సేటు సాంచాల దగ్గర సంగతి ముదిరింది. అది రంగు అంచుల పడుగు. మధ్యాహ్నానికి ఎనిమిది వందల పోగులు చక్కగా అతికిన రాజేశం, చాయ తాగి వచ్చి వాటినే చూసి, "అన్నీ తప్పే" అనుకొని కత్తెరతో తెంపుకుంటూ పోయాడు. జోడీగా పనిచేసే హనుమండ్లు బీడీ తాగి వచ్చేసరికి మూడు వందలు తెగిపోయాయి.

"ఏం పనిరా గిది! నువ్వే అతికితివి గదరా!"

"నేనా? నేను గిట్ల అతుకుతనా?"

"గిట్లనే అతుకుతవ్. మంచిగనే ఉండె!"

ఇంకొక్కసారి ఇట్లయితే వేరేవాణ్ణి పెట్టుకుంటానన్నాడు దేవదాస్. ఆ పని పోతే రాజేశానికి మరో పని రాదు.

కరీంనగర్‌లో డాక్టర్ వనజ కొత్త స్కాన్ చూసి, గడ్డ తిరిగి రాలేదని చెప్పింది. మెదడులో మైక్రోగ్లియా అనే కణాలుంటాయట. కాపలా వాటిదే, ఊడ్చే పనీ వాటిదే. చెత్తను మింగి, నరాల కణాల మధ్య అక్కర్లేని లంకెలను తెంపుతాయి. రేడియేషన్‌తో రెచ్చిపోయినవి ఎంతకీ చల్లబడక, మంచి లంకెలను కూడా తినేస్తాయట. ఎలుకల్లో ఇది కనిపించింది. మనుషుల్లో ఇదొక్కటే కారణమని ఎవరూ తేల్చలేదు.

"అంటే నా కాపలోళ్లే నా పోగులు తెంపుతుండ్రా, డాక్టరమ్మా?"

"అట్లనే అనుకోండి, రాజేశం గారూ."

"మరి వాళ్ల చేతిల కత్తెర గుంజుకునే మందు లేదా?"

"ఎలుకల మీద చూస్తుండ్రు. మనదాకా ఇంకా రాలే."

"గా ఎలుకలకు జ్ఞాపకంతోని ఏం పని పడ్డదమ్మా!" అంటూ సారక్క సంచీ తీసుకొని లేచింది.

మరునాడు రాజేశం తన కత్తెర హనుమండ్లు చేతిలో పెట్టాడు. "నేను అతుకుడే. తెంపేది నువ్వు చూస్కో. అడిగినా ఇయ్యకు."

మధ్యాహ్నంలోపే నాలుగుసార్లు అడిగాడు.

"నా కత్తెర ఏదిరా?"

"ఇయ్యద్దని నువ్వే అంటివి!"

"ఎప్పుడన్న? దొంగతనం కూడ మొదలువెట్టినవా?"

ఐదోసారికి హనుమండ్లు విసిగిపోయి కత్తెర మీద కూర్చున్నాడు. సాయంత్రం సాంచా నడిచింది. అంచు గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. దేవదాస్ వంగి చూసి, "రేపు ఇంకో పడుగు భీము ఉన్నది, ఇద్దరు రాండ్రి" అన్నాడు.

"ఇద్దరితోని కాదు సేటు," అన్నాడు హనుమండ్లు నడుం పట్టుకొని లేస్తూ. "కత్తెర మీద కూసుండేటందుకు ఇంకొకణ్ణి చూడు."