క్రెయిగ్ మోసుకెళ్లిన పెట్టె

మా ఊళ్లో బ్యాండు వదిలేసేవాడు ఎవడూ "వదిలేస్తున్నాను" అని చెప్పడు. ప్రాక్టీసు గదిలో ఉన్న తన ఆంప్లిఫయర్ పెట్టెని ఇంటికి తీసుకెళ్లిపోతాడు, అంతే. తరవాత మిగతావాళ్లు వస్తారు, గోడ పక్కన నలుచదరంగా ఖాళీ అయిన చోటు చూస్తారు, "ఓహో" అనుకుంటారు. ఎవరూ ఫోన్ చెయ్యరు. ఎందుకు పోయావని అడగడం మర్యాద కాదు. పాటల్లో మాత్రం నన్నెందుకు వదిలేశావంటూ మూడు నిమిషాలపాటు గొంతు చించుకుంటారు. ఎదురుగా నిలబడి ఒక్క ముక్క అడగలేరు. క్లీవ్‌లాండ్ పక్కనున్న మా పార్మాలో ముప్ఫయ్యేళ్లుగా నేను చూస్తున్న, పాప్ పంక్ పాటలు పాడే కుర్రాళ్లంతా ఇంతే. కుర్రాళ్లంటే ఇప్పుడు నలభై అయిదు దాటినవాళ్లే అనుకోండి.

క్రెయిగ్ సోబ్చాక్ కూడా ఆ జాతివాడే. వాడు బేస్ గిటార్ వాయించేవాడు. పాడేది టాడ్, డ్రమ్స్ వాయించేది లోనీ. నేను హాలు వెనక బల్ల దగ్గర కూచుని టీషర్టులు అమ్మేదాన్ని. బ్యాండు పేరు "డెంటెడ్ మెయిల్‌బాక్స్", అంటే సొట్టపోయిన పోస్టు డబ్బా. పేరు పెట్టింది క్రెయిగే. హైస్కూలు ఆఖరి ఏడాది వాళ్ల ఇంటి ముందున్న పోస్టు డబ్బాని ఎవరో బేస్‌బాల్ బ్యాటుతో సొట్ట పెట్టారు. ఎవరో ఏమిటి, లోనీయే. ఆ సంగతి క్రెయిగ్ వాళ్ల నాన్నకి ఇప్పటికీ తెలీదు. ఆ సొట్ట మీద మొదటి పాట రాశారు. దాన్ని టాడ్ వాళ్ల బేస్‌మెంట్లో, బట్టల మిషన్ తిరగడం ఆగినప్పుడల్లా కాస్త కాస్త రికార్డు చేశారు. ఐదొందల రికార్డు అట్టలు నా వంటింట్లో మడత పెట్టాం. సగం అట్టలు క్రెయిగ్ తిరగేసి మడిచాడు. పాటలు తలకిందులుగా అచ్చయినట్టు కనిపించాయి. జనం అది కావాలని చేశారనుకున్నారు. ఆ మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్ బ్యాండు ఒకటి వాళ్ల అట్టలు కూడా తలకిందులుగా మడిచింది. క్రెయిగ్ చాలా సంతోషించాడు గానీ, ఎందుకు సంతోషించాలో వాడికి సరిగ్గా అర్థం కాలేదు.

తరవాతదంతా అందరికీ జరిగేదే. పక్క తలుపు తెరుచుకోని వ్యాను, ఎవరెవరి ఇళ్లల్లోనో నేల మీద పడకలు, నెబ్రాస్కాలో ఒక గరాజ్‌లో ఏడుగురు మనుషులు, ఒక కుక్క ముందు ప్రోగ్రాం. షికాగో కంపెనీ ఒకటి రెండో ఆల్బమ్ వేసింది. వేసిన నాలుగో నెలలో కంపెనీ మూసేశారు. ఆ పైన అన్నీ సొంతంగానే. ప్రతి పాటలోనూ ఈ దిక్కుమాలిన ఊరు వదిలి పారిపోతామని పాడేవాళ్లు. టాడ్ ఇప్పుడుంటున్న ఇల్లు, పుట్టిన ఇంటికి నాలుగు వీధుల అవతల.

క్రెయిగ్ బతుకుతెరువు ఇళ్లల్లో హీటర్లు బాగుచెయ్యడం. చలికాలంలో ప్రోగ్రాం మధ్యలో కూడా ఫోన్ మోగేది. ఒకసారి టొలీడోలో రెండు పాటల మధ్య, గ్యాసు ఎలా కట్టెయ్యాలో ఎవరో ముసలావిడకి ఫోన్లో ఓపిగ్గా చెప్పాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. కానీ మంగళవారం సాయంత్రం అయిదు దాటితే ఎవరి హీటరు ఆగిపోయినా వాడు వెళ్లడు. మంగళవారం టాడ్ ఇంటి బేస్‌మెంట్లో ప్రాక్టీసు.

రెండేళ్ల కిందట జూన్‌లో కుండపోతగా వాన పడింది. టాడ్ పెళ్లాంతో కలిసి మిషిగన్ వెళ్లాడు. తాళంచెవి ఒకటి క్రెయిగ్ దగ్గరుండేది. పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు.

"డోరీన్, నీ ట్రక్కు తీసుకురా. టాడ్ గాడి బేస్‌మెంట్లోకి నీళ్లొచ్చేశాయి."

వెళ్లాను. చీలమండల దాకా నీళ్లు. టాడ్ సామానంతా పై అరల మీదుంది, లోనీ డ్రమ్స్ తోళ్లు మార్చడానికి వాళ్లింటికి వెళ్లాయి. నేల మీద ఉన్నది క్రెయిగ్ పెట్టె ఒక్కటే. ఒక పక్క వాడు, ఒక పక్క నేను పట్టుకుని ట్రక్కెక్కించి, ఆరడానికని వాడి గరాజ్‌లో దించాం. తరవాత వాడు నాలుగు గంటలు మోటారు పెట్టి తోడాడు, తుడిచాడు, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాడు. సాయంత్రానికి ఆ గచ్చు అద్దంలా ఉంది.

"టాడ్‌కి చెప్తావా?" అన్నాను.

"చెప్పడానికేముంది, నీళ్లు పోయాయిగా."

మూడో రోజున ఊరి నుంచి తిరిగొచ్చి టాడ్ నాకు ఫోన్ చేశాడు.

"క్రెయిగ్ వెళ్లిపోయాడు."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, పెట్టె లేదు! పోతూ పోతూ నేల కూడా తుడిచి పోయాడు డోరీన్. ఎంత మర్యాదగా పోయాడో చూడు!"

అప్పుడే నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. వాడు ఏడుస్తున్నాడు. పైగా నాకూ ఒక అనుమానం పట్టుకుంది. వాన ఒక వంకేమో, నేను ఒక పక్క పట్టుకుని మోసింది పెట్టె కాదు, రాజీనామా ఏమో? క్రెయిగ్‌నే అడగొచ్చు. కానీ అడగడం మర్యాద కాదని ముందే చెప్పానుగా. వారం పోయాక కిరాణా కొట్లో కనిపిస్తే "ఎలా ఉన్నావ్?" అన్నాను. "బాగానే ఉన్నా," అన్నాడు. ఆ జవాబుని ఎటు తిప్పి చూసినా ఏమీ తేలలేదు.

అక్కడ క్రెయిగ్ పరిస్థితి ఇంకోలా ఉందని నాకు తరవాత తెలిసింది. మంగళవారం వచ్చింది, ప్రాక్టీసుకి రమ్మనే టాడ్ ఫోన్ రాలేదు. తరవాతి మంగళవారమూ రాలేదు. తనని తీసేశారనుకున్నాడు. అయినా మంగళవారం అయిదు తరవాత పని ఒప్పుకోలేదు. గరాజ్‌లో పెట్టె సౌండు బాగా తగ్గించి, బేస్ ఒక్కటే వాయించుకునేవాడు. పాట లేదు, డ్రమ్స్ లేవు. "ఎవరో గోడవతల మంచాలు జరుపుతున్నట్టుంటుంది," అని వాళ్లావిడ ట్రిష్ నాతో చెప్పింది. రెండేళ్లు అలా జరిపాడు మంచాలు.

ఈ ఏప్రిల్‌లో డోనట్ల కొట్టు కిటికీకి పోస్టరు పడింది. డెంటెడ్ మెయిల్‌బాక్స్, చివరి షో, శనివారం, మాజీ సైనికుల హాలు. బొమ్మలో గాల్లోకి ఎగురుతున్న మూడు నీడలు. నేను వెళ్లేసరికి క్రెయిగ్ డోనట్ల డబ్బా పట్టుకుని దాని ముందు నిలబడి ఉన్నాడు.

"డోరీన్, ఆ చివరివాడు నేనేనా?"

"నీడ కదా. ఎలా చెప్పను?"

"మోకాళ్లు నావి కావు. అంత ఎత్తు నేనెప్పుడూ ఎగరలేదు." కాసేపు చూశాడు. "సరే, ఒక్కటి చెప్పు. నేను బ్యాండులో ఉన్నానా, లేనా? లేకపోతే టికెట్ కొనుక్కోవాలి. ఉంటే నాలుగింటికి సామాను దించడానికి వెళ్లాలి. రెండిట్లో ఏదో ఒకటి తెలియాలి కదా మనిషికి!"

"టాడ్‌ని అడుగు."

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

చివరికి వాడు రెండూ చేశాడు. టికెట్ కొన్నాడు. శనివారం నాలుగింటికి పెట్టెని ట్రక్కులో వేసుకుని హాలు వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. వచ్చి, దించలేదు. టికెట్ చేత్తో పట్టుకుని ట్రక్కుకి ఆనుకుని నిలబడ్డాడు. నేను లోపల టీషర్టులు మడత పెడుతూ కిటికీ అద్దంలోంచి చూస్తున్నాను. మొదట లోనీ బయటికి వచ్చాడు.

"నువ్వా! ఏంటిలా వచ్చావ్?"

"ఎలా రావాలో నువ్వే చెప్పరా."

"ట్రక్కులో ఏంటది?"

"పెట్టె."

"ఎవరికి?"

"తెలీదు."

లోనీ పరిగెత్తుకెళ్లి టాడ్‌ని లాక్కొచ్చాడు. టాడ్ పెట్టెని చూశాడు, క్రెయిగ్‌ని చూశాడు, మళ్లీ పెట్టెని చూశాడు. నేనూ వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను.

"తిరిగొస్తున్నావా?" అన్నాడు టాడ్, మెల్లిగా.

"ఎక్కణ్ణుంచి?"

"వెళ్లిపోయావుగా."

"నేనా? తీసేసింది మీరు!"

"పెట్టె తీసుకుపోయింది నువ్వురా!"

"నీళ్లొచ్చాయిరా, వెధవా!"

"ఏ నీళ్లు?"

"మీ బేస్‌మెంట్లో. ఇదిగో, ఇక్కడి దాకా."

"మా బేస్‌మెంట్లోకి నీళ్లు ఎప్పుడూ రాలేదు."

"రాలేదా? నాలుగు గంటలు తోడింది మరి మీ తాతా?"

అప్పుడు ముగ్గురూ కలిసి నా వైపు తిరిగారు. నా చేతిలో ఒక టీషర్టు ఉంది. మడిచిందే మళ్లీ మడిచాను.

"డోరీన్?" అన్నాడు టాడ్.

"ఒక పక్క నేనే పట్టుకున్నాను," అన్నాను.

"మరి రెండేళ్లు నోట్లో ఏం పెట్టుకున్నావమ్మా?"

"వెళ్లిపోయాడని నువ్వే అన్నావు. నీకు తెలిసే అన్నావనుకున్నా."

లోనీ నవ్వాలో ఏడవాలో తెలీక తుమ్మాడు. టాడ్ వెళ్లి పెట్టెకి ఒక పక్క చెయ్యి వేశాడు. "పట్టు," అన్నాడు. క్రెయిగ్ టికెట్ జేబులో పెట్టుకుని రెండో పక్క పట్టుకున్నాడు.

క్రెయిగ్ బదులు బేస్ వాయించడానికి ఒప్పుకున్నవాడు టాడ్ బావమరిది కీత్, ఇన్సూరెన్స్ ఏజెంటు. పంతొమ్మిది పాటల్లో వాడికి వచ్చినవి ఎనిమిది. సంగతి తెలియగానే క్రెయిగ్‌ని కావలించుకుని, అందరికీ తెచ్చిన, బంగాళదుంప కూరిన పీరోగీల పళ్లెం ముందేసుకుని కూచున్నాడు.

ఆ సాయంత్రం వాళ్లు వాయించారు. ముగ్గురూ కలిసి ఎగిరే చోట క్రెయిగ్ ఒక కాలు మాత్రమే ఎత్తాడు. "ఇది మా చివరి షో," అని టాడ్ మైకులో మూడుసార్లు అన్నాడు. మూడోసారి పక్కకి తిరిగి క్రెయిగ్‌ని చూసి, "అనుకుంటా," అన్నాడు. వెంటనే ఒకాయన నా బల్ల దగ్గరికొచ్చి, "చివరి షో" అని రాసున్న టీషర్టు నా మొహం ముందు పెట్టి, "ఇది నిజమా కాదా?" అని నిలదీశాడు. చిన్న సైజు కావాలా అని అడిగాను.

మర్నాడు మధ్యాహ్నం సామాను తీసుకోవడానికి వెళ్లాం. చివరి షో అయ్యాక ఎవరి పెట్టె వాళ్లింటికి పోవాలి. టాడ్, లోనీ తమవి వ్యానులో పెట్టారు. క్రెయిగ్ తన పెట్టె మీద కూచున్నాడు.

"దీన్నెక్కడ పెట్టను?"

టాడ్ తన బూట్ల వైపు చూస్తూ, "బేస్‌మెంట్లో దాని చోటు ఖాళీగానే ఉంది," అన్నాడు.

"నీళ్లొస్తే?"

"ఇటుకలు పెడదాం."

బేస్‌మెంట్లో నాలుగు ఇటుకలు పెట్టి, వాటి మీద పెట్టెని ఎక్కించారు. మెట్లెక్కుతూ క్రెయిగ్ ఆగాడు.

"ఒరేయ్, మంగళవారం..."

"చివరి షో అయిపోయిందిగా," అన్నాడు టాడ్.

"అవును, అయిపోయింది."

"ఆరింటికి రా."

సోమవారం పొద్దున్నే ట్రిష్ ఫోన్ చేసింది. "మా ఆయన బ్యాండులో ఉన్నాడా, డోరీన్?"

"ఉన్నాడు."

"మరి బ్యాండు ఉందా?"

"అది టాడ్‌ని అడుగు," అన్నాను. ఆవిడ అడగదు. ఆవిడా ఈ ఊళ్లో పుట్టిందే.