ఒక్క ఊపిరి ఆలస్యం

ఒట్టోకార్ నవ్రాటిల్‌కి నోరు ఊరుకోదు. వియన్నాలో నోరు ఊరుకునేవాళ్ళు తక్కువే అనుకోండి, అయినా వాళ్ళందరిలోకీ ఇతను ఒక మెట్టు పైన. వాయించేది వయోలా. వయొలిన్‌కి అన్నలాంటిది, కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు, కచేరీలో ఎవరి కంటా పడదు. అలాంటి చోట బతుకంతా కూర్చున్నవాడు నలుగురూ తనవైపు చూడాలంటే జోకులేయక ఏం చేస్తాడు? వేశాడు. ముప్ఫై ఏళ్ళపాటు కండక్టర్ల మీద వేశాడు, క్యాంటీన్ సూపు మీద వేశాడు, సొంత మామగారి అంత్యక్రియల్లో పాదరీ మీద కూడా వేశాడు. మనిషి మాత్రం మంచివాడు. అదే నా బాధ. చెడ్డవాడైతే ఈ కథ చెప్పి ఇంత ఇదవ్వాల్సిన పనే లేదు.

వాళ్ళ ఆర్కెస్ట్రాకి యజమాని లేడు. వాయించేవాళ్ళే యజమానులు. ఏ కండక్టర్ని పిలవాలి, ఏ ఊరు వెళ్ళాలి, ఎవరిని చేర్చుకోవాలి, అన్నీ వాళ్ళే కూర్చుని, కీచులాడుకుని, చీటీలు వేసుకుని తేల్చుకుంటారు. అధ్యక్షుడు కూడా వాళ్ళలో ఒకడే. అప్పట్లో కొమ్ము ఊదే ఎగన్ స్కోర్పిల్ ఆ కుర్చీలో ఉన్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక ఏడాది అందరితో కలిసి వాయించాక మిగతావాళ్ళు ఓటేస్తారు. మూడింట రెండు వంతులు సరేనంటే ఆ కుర్చీ జీవితాంతం వాళ్ళది. లేదా, పెట్టె సర్దుకోవడమే. ఎందుకని అడగకూడదు. అడిగినా చెప్పేవాళ్ళు లేరు.

బుర్గి అలా వచ్చిన పిల్లే. అసలు పేరు నోట్‌బుర్గా ఆష్‌బాకర్, టిరోల్ కొండల్లో జున్ను చేసేవాళ్ళ కూతురు. తెర వెనక నిలబడి వాయిస్తే, అటువైపు ఆడో మగో కూడా తెలియకుండా ఎన్నుకున్నారు. నవ్రాటిల్ పక్క కుర్చీ ఇచ్చారు. ఇద్దరి ముందూ ఒకటే స్టాండు, దానిమీద ఒకటే స్వరాల పుస్తకం. పెద్దవాడు వాయిస్తూ ఉంటే చిన్నది ఆగి పేజీ తిప్పాలి. అలా ఏడాదంతా మోచెయ్యీ మోచెయ్యీ రాసుకుంటూ కూర్చున్నారు.

ఆ ఆర్కెస్ట్రాకి ఒక అలవాటుంది. కండక్టర్ చేతికర్ర కిందికి దిగగానే మొదలుపెట్టరు. ఒక్క ఊపిరి ఆగుతారు. ఆగి, అంతమందీ ఒకేసారి అందుకుంటారు. కొత్త కండక్టర్లకి గుండె జారిపోతుంది, తమ మాట ఎవరూ వినడం లేదనుకుంటారు. ఈ ఆగడం తాతల నాటినుంచి వస్తోంది. ఎవరూ నేర్పరు, పక్కవాళ్ళని చూసి పట్టుకోవాలి. ఆలస్యమైతే నవ్వి ఊరుకుంటారు గానీ, తొందరపడినవాళ్ళని మాత్రం క్షమించరు.

బుర్గి వచ్చిన చలికాలంలో ఒక ఆదివారం పొద్దుటి కచేరీ. నెమ్మదిగా సాగే భాగం మొదలవబోతోంది, హాలంతా చెవులు రిక్కించుకుని ఉంది. కర్ర దిగింది. దిగగానే బుర్గి ఒక్కతే అందుకుంది, ఒంటరిగా, స్పష్టంగా, ఎంతో బాగా. మొహం చెవులదాకా ఎర్రబడింది. విరామంలో నవ్రాటిల్ ఆమెను తిట్టలేదు, నేర్పనూ లేదు. వింటూ ఉండమన్నాడంతే.

విన్నది. వాయించబోయే ముందు నవ్రాటిల్ ముక్కుతో ఊపిరి పీల్చేటప్పుడు సన్నగా ఈల లాంటి చప్పుడొకటి వస్తుంది. ఆ చప్పుడు అతనికే తెలియదు. బుర్గి దాన్ని పట్టుకుంది. వసంతం వచ్చేసరికి ఇద్దరి కమానులూ ఒకటే చేతిలో ఉన్నట్టు కదిలేవి. నవ్రాటిల్ ఇంటికి వెళ్ళి భార్య హెర్మీనెతో, ఇన్నేళ్ళలో పక్కన ఇంత బాగా వాయించినవాళ్ళు లేరని, ఆ పిల్ల పక్కనుంటే భుజం నొప్పి కూడా గుర్తు రావడం లేదని చెప్పాడు. ఆ మాట బుర్గితో అనలేదు. ఒకరిని మెచ్చుకోవాలంటే అతనికి ఎక్కడలేని సిగ్గూ వచ్చేస్తుంది.

బుర్గికి ఇంకో పిచ్చి ఉండేది. సెలవు దొరికితే వయోలా భుజానేసుకుని సిమ్మరింగ్ పేటలో ట్రాముల షెడ్డుకి వెళ్ళేది. అక్కడి క్యాంటీన్లో వాయించేది, డ్రైవర్ల చేతికి వాద్యమిచ్చి తీగలు మీటించేది. మన హాల్లో వినేవాళ్ళ సీటు తాతనుంచి మనవడికి వస్తుంది, వీళ్ళకి ఎప్పటికొస్తుంది, మనమే ఒకసారి అందరం వెళ్ళి షెడ్డులో వాయిద్దాం అని సభ ముందు పెట్టింది.

ఆ సంగతీ, బుర్గి ఓటూ, రెండూ ఒకే రోజు సభకొచ్చాయి. వేసవి మొదట్లో, ఉక్కపోతలో. షెడ్డు మీద వాదన సాగి సాగి తెమల్లేదు. గ్రీజు మరకలని ఒకరు, ట్రాము నడిపేవాళ్ళకి రేడియో ఉందిగా అని ఒకరు. చివరికి ఎలాగో బొటాబొటీగా గట్టెక్కింది. అప్పటికి అందరికీ ఆకలి, చిరాకు. అప్పుడు బుర్గి పేరొచ్చింది. పద్ధతి ప్రకారం ఆమెని బయటికి పంపారు. వెళ్ళి ఎదురుగా కాఫీహౌస్‌లో కూర్చుంది.

ఎగన్ నవ్రాటిల్ వైపు తిరిగాడు. పక్క కుర్చీవాడి మాటకి అక్కడ విలువెక్కువ. తలలన్నీ ఇటే తిరిగాయి.

"ఒట్టో, పక్కన కూర్చునేవాడివి. నువ్వు చెప్పు."

హెర్మీనెతో అన్న మాటే చెబుదామని పొద్దున ట్రాములో వస్తూ అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ లేచి నిలబడేసరికి ఎదురుగా అన్నీ మాడిన మొహాలు. వీళ్ళని కాస్త నవ్విద్దామనిపించింది. నోటి దురద, ఇంకేమనాలి.

"బుర్గి పక్కనుంటే ఒక సుఖముందిరా. మనం ఇంకా మొదలుపెట్టకముందే తను వాయించేసి, ఇంటికెళ్ళి, మనందరికీ కాఫీ పెట్టి ఉంచుతుంది."

హాలు గొల్లుమంది. ఎగన్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వు ఆగాక మిగతాది చెబుదామని నవ్రాటిల్ నిలబడే ఉన్నాడు. ఆగేలోపే ఎగన్ గడియారం చూసి చీటీలు పంచమన్నాడు. మిగతాది నోట్లోనే ఉండిపోయింది. ఒక్కసారి చెయ్యెత్తి ఆగమంటే ఆగేవాళ్ళు. అనలేదు. జోకని అందరికీ తెలుసులే అనుకుని, తన చీటీ మీద సరే అని రాసి కూర్చున్నాడు.

నవ్వినవాళ్ళు నవ్వుతూనే వద్దని రాశారు. చలికాలంలో జరిగింది చాలామంది మరిచిపోయారు. వీడే గుర్తుచేశాడు. కొద్దిపాటి ఓట్ల తేడాతో బుర్గి పోయింది.

కబురు చెప్పడం అధ్యక్షుడి పని కాబట్టి ఎగన్ కాఫీహౌస్‌కి వెళ్ళాడు. నవ్రాటిల్ వెనక గుమ్మంలోంచి ఇంటిదారి పట్టాడు. జోకు సంగతి ఎలా ఉన్నా, దీనికి మాత్రం నేనతన్ని క్షమించలేను.

హెర్మీనె అంతా విన్నది. నవ్వలేదు.

"నాతో అన్న మాట అక్కడెందుకు అనలేదు?"

"నవ్వు ఆగాక చెబుదామనుకున్నా."

"నీకు నవ్వు ఎప్పుడాగింది గనక," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆకులు రాలే కాలంలో ట్రాముల షెడ్డులో కచేరీ జరిగింది. పట్టాల మీద కుర్చీలు వేశారు, చాలక జనం ట్రాముల మెట్ల మీద కూర్చున్నారు. ఆర్కెస్ట్రా అంత పొంగిపోయిన రోజు ఈ మధ్యలో లేదు, గ్రీజు గురించి సణిగినవాళ్ళే అందరికంటే ఎక్కువ వంగి దండాలు పెట్టారు. అయ్యాక ఒక ట్రాము డ్రైవరమ్మ నవ్రాటిల్ దగ్గరికొచ్చింది. మాకు తీగలు మీటడం నేర్పిన ఆ పిల్లేది, కనపడదే అని అడిగింది. నవ్రాటిల్ నోరు తెరిచాడు. వేరే ఊళ్ళో ఉందని మాత్రం అన్నాడు.

ఆ మరుసటి వసంతంలో, హెర్మీనె పోరు పడలేక, క్షమాపణ చెప్పుకుందామని రైలెక్కాడు. బుర్గి అప్పుడు నదికి ఎగువన ఒక చిన్న ఊరి థియేటర్లో వాయిస్తోంది. ఆదివారం మధ్యాహ్నం ఆట. టికెట్ కొనుక్కుని జనంలో కూర్చున్నాడు. వయోలాల్లో చివరి వరసలో కనిపించింది.

కర్ర దిగింది. అందరూ మొదలుపెట్టారు. బుర్గి కమాను కదల్లేదు. ఒక్క ఊపిరి ఆగి, అప్పుడు కదిలింది. మొదటిసారి పొరపాటనుకున్నాడు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. పక్కనున్న కుర్రాడు మోచేత్తో పొడుస్తున్నాడు. కండక్టర్ కళ్ళురిమి చూస్తున్నాడు. ఆ ఆగడం తమదే. ఎక్కడినుంచి తెచ్చుకుందో అతనికి చెప్పక్కర్లేదు.

ఆట అయ్యాక వెనక గుమ్మం దగ్గర కలిశాడు. బుర్గి నవ్వుతూ వచ్చి చెయ్యి పట్టుకుంది. హెర్మీనమ్మ ఎలా ఉందని అడిగింది, ఏమైనా తిన్నారా అని అడిగింది.

"బుర్గీ, ఆ రోజు సభలో నేనొక మాటన్నాను," అన్నాడు.

"కాఫీ మాటేగా? ఆ సాయంత్రమే నా చెవిన పడింది. నాక్కూడా నవ్వొచ్చింది తెలుసా. మీరు ఊరికే బాధపడకండి."

ఇద్దరూ కాసేపు నడిచారు. ఇక్కడ కూడా తనకి పరీక్ష ఏడాదేనని, వచ్చే నెల వీళ్ళు ఓటేస్తారని, అందరూ తనను నిద్రమొహం అంటున్నారని చెప్పింది.

"కర్ర దిగగానే అందుకోమంటారు. నాకూ తెలుసు. కానీ మీ ఈల వినపడితే గానీ చెయ్యి కదలడం లేదు, నవ్రాటిల్ గారూ."

అతనికి ఏ ఈలో అర్థం కాలేదు. బుర్గి ముక్కుతో ఊపిరి పీల్చి, అచ్చం అతనిలాగే చేసి చూపించింది. నవ్రాటిల్ రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు.

"బుర్గీ, ముప్ఫై ఏళ్ళలో నా పక్కన నీ అంత బాగా వాయించినవాళ్ళు లేరు," అన్నాడు.

బుర్గి కళ్ళలో అల్లరి మెరిసింది. నవ్వడానికి సిద్ధంగా అతని మొహంలోకి చూసింది.

"ఊఁ, తరవాత?"

"తరవాతేం లేదు. అంతే."

ఆమె ఇంకాసేపు చూసింది, ఇంకేదో వస్తుందన్నట్టు. రాలేదు. అప్పుడామె మొహంలో నవ్వు పోయింది.

"ఇది అక్కడ అనుంటే సరిపోయేదిగా," అంది మెల్లిగా.