సస్పెన్షన్‌లో మూడో స్వరం

దేవసుందరం మాస్టారు ప్రభువునందు నిద్రించారని బందరు నుంచి ఫోను వచ్చింది. దిగ్భ్రాంతి కలగాలి. కలగలేదు, ఎందుకంటే నేను నమ్మలేదు. మా చర్చి పియానోకు జీవితం ధారపోసిన ఆ మహనీయుడు ప్రతి ఆదివారం ప్రసంగం మొదలవగానే నిద్రించేవారు. చివరి కీర్తనకు లేచేవారు.

తొంభైల్లో, డిగ్రీ చదువుతూ ఆయనకు శిష్యుణ్ణయ్యాను. సస్పెండెడ్ డామినెంట్ అనే స్వరసమ్మేళనం ఆయనకు ప్రాణసమానం. కీర్తన చివర మనల్ని సి కార్డ్ అనే ఇంటికి చేర్చేది జి కార్డ్. అందులో మూడో స్వరమైన బి బదులు, పక్క మెట్టు, అంటే నాలుగోదైన సి నొక్కాలి. జి, సి, డి, ఎఫ్. ఇల్లు కనిపిస్తుంది, తలుపు తెరుచుకోదు. సి మీది వేలు బి మీదికి దిగితే తెరుచుకుంటుంది. దిగడం అందరికీ వచ్చు. ఆగడం ఆయనకొక్కరికే వచ్చు. ఆ ఆగడంలో, దీవెనకు ఎత్తిన పాస్టరుగారి చెయ్యి నొప్పెట్టేదని వినికిడి.

మాస్టారు పగలు ప్రభుత్వ గుమాస్తా. "ఈ వారమంతా మాస్టారు సస్పెన్షన్‌లోనే ఉన్నారు" అని నేను ఎవరితోనో అన్న మాట గూడూరు చేరింది. మర్నాడే ఆయన బావమరిది అరటిపళ్ళతో పరామర్శకు దిగాడు.

"ఏంటి బావా, ఉద్యోగం ఊడిందంటగా?"

"ఊడింది నాది కాదయ్యా, మూడో స్వరానిది. దాని సీట్లో నాలుగోది ఇన్‌ఛార్జి."

"మరి దాన్ని మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారు?"

"నేను ఆర్డరిచ్చినప్పుడు."

ఇంతకంటే స్పష్టమైన నిర్వచనం నాకు ఏ గ్రంథంలోనూ దొరకలేదు. పళ్ళు మాత్రం మాస్టారు వెనక్కి పంపలేదు.

తరువాత పియానో నాకు అప్పగించి, ముందు బెంచీలో నిద్రించేవారు. నా వేలు కాస్త ముందుగా బి మీదికి జారితే చాలు, కళ్ళు తెరిచేవారు. "ఏరా, గుడివాడ బస్సు వెళ్ళిపోతోందా? ఆగు. ఇల్లు కావాలని జనానికి అనిపించనీ." ఒకసారి ఇంకొంచెం ముందుకు వెళ్ళారు: "నా భూస్థాపనకి నువ్వే వాయించాలి. అప్పుడు గానీ తొందరపడ్డావో, పెట్టెలోంచి లేచొస్తా."

నేనే వాయించాను. పెట్టె మూత ఇంకా వెయ్యలేదు. చివరి కీర్తన చివర నాలుగు వేళ్ళూ సరిగ్గానే పడ్డాయి. జనం ఊపిరి బిగబట్టారు. అప్పుడు, కావాలనే, వేలు ముందుగా దించేసి పెట్టె వైపు చూశాను.

మాస్టారు లేవలేదు. అప్పుడు నమ్మాను.

మొన్న ఆదివారం పియానో ముందు ఆయన సీట్లో ఇన్‌ఛార్జిగా కూర్చున్నాను. ముందు బెంచీ ఖాళీ. ఎంతసేపు ఆగాలో చెప్పేవారు లేక చాలాసేపు ఆగాను. గురువర్యులకు నా అంజలి అంతే.