పేరు పెట్టి పిలవలేదు

ఈ పరాయి దేశంలో, క్వేకర్స్ హిల్‌లో మా అమ్మాయి ఇంటి పెరట్లో పసిదాని గుడ్డలు ఆరేస్తూ, పెర్సెఫొనీ, పెర్సెఫొనీ అని నాలో నేనే జపం చేసుకుంటున్నాను. రేపు బారసాల, మనవరాలి చెవిలో ఆ పేరు నేనే చెప్పాలని అమ్మాయి పట్టుబట్టింది. కట్టుడు పళ్ళతో ఇలాంటి పేరు పలకడం ఎంత యాతనో నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇది గ్రీకు పురాణాల్లో ఒక దేవత కూతురి పేరట. పూలు కోసుకుంటున్న పిల్లను భూమి చీల్చుకొచ్చి పాతాళపు రాజు ఎత్తుకుపోతే, తల్లి ఆ పిల్లను పిలుచుకుంటూ లోకమంతా తిరిగి, దొరికేదాకా పైరు మొలవనివ్వలేదట; చివరికి ఏడాదిలో కొన్నాళ్ళు పిల్ల తల్లి దగ్గరుండేట్టు ఒప్పందం కుదిరిందట. ఈ కథ తెలిసిన దగ్గర్నుంచీ మా వియ్యపురాలు గుంటూరు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. "మన దేవుళ్ళకి పేర్లు కరువయ్యాయా వదినగారూ? పోయి పోయి యముడెత్తుకుపోయిన పిల్ల పేరా? మీరైనా చెప్పండి!" అని ఆవిడ గోల. "అమ్మా, ఆ అమ్మాయి స్ప్రింగ్‌లో రిటర్న్ అవుతుంది, మనదీ స్ప్రింగ్‌లోనే పుట్టింది, అంతే!" అని మా అమ్మాయి. నేను అడ్డుపడతానని అందరూ అనుకున్నారు. ఆ కథ విన్నప్పుడు నాకు అశుభం గుర్తుకు రాలేదు, కాకినాడ గుర్తుకొచ్చింది.

మా ఆయన అక్కడ తాలూకాఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, మా అత్తగారు పోయిన ఏడాదికే మా పెద్దమ్మాయి పుట్టింది. ఆవిడే తిరిగొచ్చిందని అందరూ సంబరపడి, పళ్ళెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో ఆవిడ పేరే రాశారు. పేరైతే పెట్టారు గానీ, అత్తగారి పేరు కోడలు నోట పలకకూడదన్నది మన ఇళ్ళలో చట్టం కదా! ఒకనాడు సందులో ఆడుకుంటున్న పిల్లను అన్నానికి రమ్మని గడపలో నిలబడి పేరు పెట్టి కేకేశానో లేదో, లోపలి నుంచి ఆడపడుచు వచ్చి, మా అమ్మని పేరు పెట్టి పిలిచేంతదానివయ్యావా అని నలుగురిలో కడిగేసింది. ఆనాటి నుంచి నాకది చిట్టి. మా ఆయనకు అమ్మ, ఆడపడుచుకు అమ్మ, నాకు మాత్రం ఊరందరి పిల్లల్లాగే చిట్టి.

దానికి ఆరో ఏడు నడుస్తుండగా మెదడువాపు జ్వరమొచ్చింది. ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా పడుంటే, "పేరెట్టి పిలవండమ్మా, తల్లి గొంతు కదా, పలుకుద్దేమో" అని నర్సమ్మ నా భుజం పట్టుకు ఊపింది. చిట్టీ, చిట్టీ అని గొంతు పోయేలా పిలిచాను. ఆ వార్డులో ప్రతి మంచం మీదా ఒక చిట్టి ఉంది. అసలు పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది, ఎదురుగా ఆడపడుచు నిలబడి ఉంది మరి. తెల్లవారేసరికి పిల్ల వెళ్ళిపోయింది. పేరు పెట్టి పిలిస్తే బతికేదని కాదు, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ ఆ పాడు ఆచారాన్ని తగలెయ్య, కన్నతల్లి నోట తన పేరు వినకుండానే పోయింది కదా నా బిడ్డ!

ఇక్కడ అంతా తారుమారు. మా అల్లుడు ఆఫీసులో పెద్దాయన్ని పేరు పెట్టి పిలుస్తాడు, పక్కింటి కోడలు కంచె అవతల అత్తగారిని పేరు పెట్టి కేకేస్తే ఆ ముసలావిడ నవ్వుతూ పలుకుతుంది. మొదట్లో విడ్డూరంగా చూసేదాన్ని, ఇప్పుడు ఆ కేక వినడానికే ఒక్కోసారి పని ఆపుకు నిలబడతాను.

ఇవాళ కూడా అలాగే నిలబడి ఉండగా, జపం చేస్తున్న పేరు పోయి ఇంకో పేరు నోట్లోకి వచ్చింది. అత్తగారూ లేరు, ఆడపడుచూ లేదు, మా ఆయనా లేరు, వద్దనేవాళ్ళెవరూ మిగల్లేదు. "సుభద్రా! అన్నానికి రావే!" అని అరిచాను. కంచె మీది పిట్ట ఎగిరిపోయింది. లోపల పసిది ఉలిక్కిపడి ఏడుపందుకుంది, ఏమైందమ్మా అంటూ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నేను మాత్రం పక్క గేటు వైపే చూస్తున్నాను, మట్టికాళ్ళతో అది ఎప్పుడూ సందులోంచే వచ్చేది.