హరికృష్ణ చెప్పిన వదిన

మాణిక్యమ్మ మా ఊరి ఆశా కార్యకర్త. ఊళ్ళో సగం మందికి అత్త, మిగతా సగానికి పిన్ని. శావల్యాపురం మండలంలో నాలుగు వందల గడప ఉన్న మా ఊరిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆమె భర్త రోశయ్య, రెండోవారు మండల ఆసుపత్రి నుంచి ఫోన్ చేసే నర్సు షాహిదా.

ఏడో తరగతి దాకా చదువుకుంది. రోశయ్య క్వారీలో రాళ్ళకు డ్రిల్లు వేసే పనికి పోతే ఈమె పదమూడేళ్ళుగా భుజాన సంచీతో ఇల్లిల్లూ తిరుగుతోంది. గర్భిణులను ఆటో ఎక్కించి వినుకొండ తీసుకువెళ్ళడం, పసిపిల్లలకు చుక్కల మందు వేయించడం ఆమె పని. గర్భిణి నడకను బట్టి ఎన్నో నెలో చెప్పేస్తుంది. అంత తెలిసిన మనిషి 2020 మే నెలలో తన ఇంటి గుమ్మం తొక్కడానికి భయపడింది.

ఆ నెలలో ప్రభుత్వం ఆమెకు ఒక రిజిస్టరు, రెండు గుడ్డ మాస్కులు, అర సీసా శానిటైజరు, నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే యంత్రం ఇచ్చింది. ఆ యంత్రాన్ని పిల్లలు తుపాకీ అనేవారు. ప్రతి ఇంటికీ వెళ్ళి దగ్గుందా, జ్వరముందా, ఎవరైనా బయటి ఊరి నుంచి వచ్చారా అని అడిగి రాసుకోవాలి. నిన్నటిదాకా మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టిన ఇళ్ళే ఆమెను చూసి తలుపు వేసుకోవడం మొదలుపెట్టాయి.

"అత్తా, జొరం కన్నా నువ్వొస్తేనే భయమేస్తందే," అని కిటికీలోంచి నవ్వేవారు కొందరు. ఆమె కూడా నవ్వేది. ఇంటికొచ్చాక దొడ్లోనే స్నానం చేసి, చీర వేణ్ణీళ్ళలో ముంచి, అరుగు మీదే అన్నం తినేది. లోపల కూతురు నందిని ఉంది. తొమ్మిదో నెల. అల్లుడు హైదరాబాదులో ఇనుప సామాన్ల షాపులో పనిచేస్తూ లాక్‌డౌన్‌లో అక్కడే ఇరుక్కుపోయాడు. బిడ్డ అడ్డం తిరిగి ఉందని, నెలాఖరులోగా ఆపరేషను చేయాలని డాక్టరు చెప్పింది.

ఒక మంగళవారం పొద్దున పదింటికి షాహిదా ఫోన్ చేసింది.

"మాణిక్యమ్మా, ముందు కూచో. మీ ఊళ్ళో హరికృష్ణ లేడూ, లారీ డ్రైవరు? పాజిటివ్ వచ్చింది."

"అయ్యో, వాడికా! మొన్ననే గదా మద్రాసు నించి వొచ్చింది."

"అయ్యోలు తర్వాత. వాణ్ణి తీసకపోను 108 బయల్దేరింది. పన్నెండింటికల్లా వాడు ఎవరెవర్ని కలిశాడో లిస్టు పైకి పోవాలంట. పేరు, వరస, ఫోన్ నంబరు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా నన్ను తింటారు, నేను నిన్ను తింటా."

హరికృష్ణ తల్లితో కలిసి ఊరి చివర ఉంటాడు. అతని అన్న వేరే వీధిలో ఉంటాడు. మాణిక్యమ్మ వెళ్ళేసరికి వీధి వీధంతా మిద్దెలెక్కి చూస్తోంది. అతను గుమ్మంలో, ఈమె వీధికి అవతల. మధ్యలో తెల్లగా బ్లీచింగ్ చల్లి ఉంది. తల్లి లోపల గోడకు తల కొట్టుకుంటూ ఏడుస్తోంది.

"ఎవర్నెవర్ని కలిశావురా? గబగబా చెప్పు."

"అమ్మ ఉంది గదా. బడ్డీకొట్టు ఫైజల్ దగ్గర సిగిరెట్లు కొన్నా. ఇంకా వదిన. మామిడికాయలిచ్చి కాసేపు కూచున్నా. అంతే అత్తా, నా తల్లి తోడు."

అంతలో అంబులెన్సు కూత వినపడింది. సంచీలో ఫోన్ మోగుతోంది. లిస్టు ఫారంలో పైన 'కుటుంబ సభ్యులు' అని అచ్చువేసి ఉంది. కింద మొదటి గడిలో తల్లి పేరు రాసింది. రెండో గడిలో వరస దగ్గర 'వదిన' అని రాసి, పేరు దగ్గర 'కోటేశ్వరి' అని రాసింది. కోటేశ్వరి హరికృష్ణ అన్న భార్య. ఫారం ఫోటో తీసి షాహిదాకు పంపింది.

సాయంత్రం నాలుగింటికి బస్సు వచ్చింది. లిస్టులో ఉన్నవాళ్ళను నరసరావుపేట వైపు ఒక కాలేజీ హాస్టల్లో పద్నాలుగు రోజులు ఉంచుతారని మైకులో చెప్పారు. హరికృష్ణ తల్లి ఎక్కింది. ఫైజల్ ఎక్కాడు. కోటేశ్వరి ఎక్కలేదు. ఆరేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వీధి మధ్యలో నిలబడింది.

"వాడు మా గడప తొక్కి మూడేళ్ళయింది! పొలం గట్టు తగువప్పటి నించీ మాటల్లేవు. నన్నెందుకు తీసకపోతారు? గేదె నిన్ననే ఈనింది. నేను పోతే దాని మొహం చూసేదెవరు?"

"అందరూ అట్టాగే అంటారమ్మా. లిస్టులో పేరుంది, ఎక్కు," అన్నాడు బస్సుతో వచ్చిన ఆఫీసరు, దూరం నుంచే.

"రోగం రాంగానే మాటల్లేకుండా పొయ్యాయంట!" అని ఒక మిద్దె మీద నుంచి ఎవరో అన్నారు. నాలుగు మిద్దెలు నవ్వాయి. నేనూ ఆ మిద్దెల్లో ఒకదాని మీదే ఉన్నాను.

కోటేశ్వరి చుట్టూ చూసి, బస్సు పక్కన నిలబడ్డ మాణిక్యమ్మను పట్టుకుంది.

"పిన్నీ, నువ్వు చెప్పు. వాడు మా ఇంటికి రాడని నీకు తెలవదా? చెప్పు పిన్నీ!"

అప్పుడే మాణిక్యమ్మకు అర్థమైంది. హరికృష్ణకు వదిన ఒక్కతే కాదు. అతనికి తను అత్త. తన కూతురు అతనికన్నా రెండేళ్ళు పెద్దది. చిన్నప్పటి నుంచీ వాడు నందినిని 'వదినా' అనే పిలుస్తాడు. మామిడికాయలు వచ్చింది తన ఇంటికి. మాస్కు వెనక ఆమె నోరు తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. మాస్కు ఉండడం వల్ల అది ఎవరికీ తెలియలేదు. కోటేశ్వరిని, పిల్లను ఎక్కించుకుని బస్సు కదిలింది.

ఆమె ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, లోపలికి చూడకుండా అడిగింది.

"నందూ, హరిగాడు మనింటికి వొచ్చాడా?"

"ఆదివారం వొచ్చాడుగా, నువ్వు సర్వేకి పోయినప్పుడు. మామిడికాయలు తెచ్చాడు. గంటసేపు లారీ కబుర్లు చెప్పాడు. మంచినీళ్ళు తాగాడు. ఏందమ్మా? ఎందుకట్టా చూస్తన్నావు?"

"ఏం లేదు," అంది మాణిక్యమ్మ.

మర్నాడు ఊరికి వచ్చే మూడు దారులకూ సరుగుడు కర్రలు కట్టారు. మాది రెడ్ జోన్ అయింది. మాణిక్యమ్మ చెరువుగట్టు దగ్గరకెళ్ళి, నందినిని చూపిస్తున్న నర్సింగ్‌హోమ్‌కు ఎవరి సంగతో అడిగినట్టు ఫోన్ చేసింది. కంటైన్‌మెంట్ ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళను చేర్చుకోవడం లేదని, అందులోనూ కాంటాక్టులైతే గేటు దగ్గరికి కూడా రావద్దని అటువైపు అమ్మాయి చెప్పింది. పేరు చెబితే కూతురు హాస్టల్‌కు పోతుంది, పదహారు మందికి ఒక బాత్రూమ్ ఉన్నచోటికి. చెప్పకపోతే? ఆమె అంతకుమించి ఆలోచించలేకపోయింది. ఆ రోజు నూట ఇరవై ఇళ్ళు తిరిగింది. ప్రతి నుదుటికీ యంత్రం పెట్టింది. కూతురి నుదుటికి మాత్రం పెట్టలేదు.

గురువారం పొద్దున నందిని లేవలేదు. ఎండాకాలంలో దుప్పటి కప్పుకుని పడుకుంది.

"వొళ్ళు నొప్పులమ్మా. నెలలు నిండినయ్ గదా, అంతేలే."

మాణిక్యమ్మ సంచీలోంచి యంత్రం తీసింది. మొదటిసారి గోడకు గురిపెట్టింది. రెండోసారి నూట ఒకటి చూపించింది. మళ్ళీ పెట్టింది. నూట ఒకటే.

షాహిదా ఆ పూట సరుగుడు కర్రల దగ్గర మాత్రలు పంచుతోంది. మాణిక్యమ్మ ఎండలో పరుగెత్తుకుంటూ వెళ్ళి కర్రలకు ఇవతల ఆగి, ఒగరుస్తూ జరిగినదంతా చెప్పింది. షాహిదా చేతిలో మాత్రల పొట్లం అలాగే ఉండిపోయింది.

"రెండ్రోజులు మింగి కూచున్నావా? నీకసలు బుద్ధుందా? ఆ పిల్ల కడుపుతో ఉందే!"

"ఆపరేషను చెయ్యరేమో అనుకున్నా. నర్సింగ్‌హోమ్‌వాళ్ళు రానియ్యమన్నారు."

"నర్సింగ్‌హోమ్ రానియ్యదు గానీ గవర్నమెంటు రానియ్యదని ఎవరు చెప్పారు? గర్భిణులకి వేరే లిస్టుంది, తెల్లకాగితం మీద నీ చేత్తోనే రాసిచ్చావు పోయినవారం! ఊరు రెడ్ జోన్ అయితే నొప్పులొచ్చేలోపే వాళ్ళకి శాంపిలు తీస్తారు. పాజిటివ్ అయితే గుంటూరులో వాళ్ళకి వేరే వార్డు పెట్టారు. అక్కడే ఆపరేషను. నన్నడిగితే చెప్పేదాన్ని గదే!"

మాణిక్యమ్మ కర్రల పక్కనే నేలమీద కూర్చుంది. షాహిదా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"సరే, విను. ఆ గర్భిణుల లిస్టు కిందే శాంపిలు తీయిస్తా. కాంటాక్టు అని రాయక్కర్లా. నీ పొరపాటు బయటికి రాదు. ఆ కోటేశ్వరి సంగతంటావా, పద్నాలుగు రోజులు తిని పడుకుంటది. ఇప్పుడు లిస్టు తప్పంటే నీ పనీ పోద్ది, నాకూ మెమో వస్తది."

మాణిక్యమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తరువాత మెల్లగా అంది.

"ఆ హాస్టల్లో దానికేమన్నా అంటుకుంటే? దాని చంకలో పిల్ల కూడా ఉంది."

షాహిదా సంచీ తెరిచింది. ఒక తెల్లకాగితం, పెన్ను కర్రల మీదుగా విసిరింది. మాణిక్యమ్మ మోకాలి మీద పెట్టుకుని రాసింది. హరికృష్ణ చెప్పిన వదిన కోటేశ్వరి కాదని, తన కూతురు నందిని అని, మంగళవారం సాయంత్రమే తనకు తెలిసిందని రాసింది. పొరపాటున అని మొదలుపెట్టి కొట్టేసింది. భయపడి చెప్పలేదు అని రాసి సంతకం చేసింది.

"ఆ మాట అవసరమా?" అంది షాహిదా చదివి. కానీ చింపలేదు.

మధ్యాహ్నానికి శాంపిల్ తీశారు. గర్భిణి గనుక ముందుగా చూశారు. శుక్రవారం పదకొండింటికి పాజిటివ్ అని తెలిసింది. అంబులెన్సు వచ్చింది. తోడు ఎవరూ ఎక్కకూడదన్నారు. క్వారీ మూతపడి ఊళ్ళోనే ఉన్న రోశయ్య పరుగెత్తుకొచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక గోడ పక్కన నిలబడిపోయాడు.

"అమ్మా, నేనొక్కదాన్నే పోవాలా? నాకేం తెలుసని?" అని నందిని అంబులెన్సు తలుపు పట్టుకుంది. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల ప్లాస్టిక్ సూటు వేసుకున్న మనిషి ఆమె వేళ్ళను ఒక్కొక్కటే విడిపించాడు. ఆ సూటు లోపల ఉన్నది ఆడమనిషో మగమనిషో కూడా తెలియలేదు. మాణిక్యమ్మ ఏడవలేదు. కార్డు, స్కానింగు కాగితాలు ఇచ్చి, "అడ్డంగా ఉందని చెప్పు. మర్చిపోబాక, అడ్డంగా ఉందని చెప్పు," అంటూ బండి వెనక వీధి చివరిదాకా నడిచింది.

గంట తరువాత ఆమె కోసం, రోశయ్య కోసం బస్సు వచ్చింది.

హాస్టల్లో ఆడవాళ్ళది పై అంతస్తు. కోటేశ్వరి రెండు గదుల అవతల కూతురికి జడ వేస్తోంది. ఆమెను పంపించమని రాసిన కాగితం ఇంకా ఏదో బల్ల మీద ఉంది. శాంపిల్ ఫలితం వచ్చేదాకా ఎవరినీ కదల్చరట.

"నువ్వెందుకొచ్చావు పిన్నీ? నిన్నూ ఎవరన్నా రాశారా?" అని ఎకసెక్కంగా అడిగింది.

మాణిక్యమ్మ వరండాలో దూరంగా నిలబడి అంతా చెప్పింది. కోటేశ్వరి జడ అల్లడం ఆపలేదు. అల్లి, రిబ్బను కట్టి, పిల్లను లోపలికి పంపి అప్పుడు తలెత్తింది.

"వీధి వీధంతా నన్ను అబద్ధాలకోరుని చేసి నవ్వింది. ఇప్పుడు ఈ గోడల్లో చెప్తన్నావా? ఇక్కడ ఎవరికి కావాల? పోయి ఊళ్ళో చెప్పు."

ఆదివారం మధ్యాహ్నం గుంటూరు నుంచి ఫోన్ వచ్చింది. ఆపరేషను అయింది. ఆడపిల్ల. బిడ్డకు ఏమీ లేదు. తల్లికి ఆక్సిజన్ పెట్టారు. ఆ తరువాత నాలుగు రోజులు మాణిక్యమ్మ ఫోన్ చేతిలో పట్టుకునే ఉంది. మోగితే భయం, మోగకపోతే భయం. అయిదో రోజు నందినే మాట్లాడింది. "అమ్మా, పాపది నాన్న పోలికే," అని, రెండు మాటలకే ఆయాసపడింది.

ఉద్యోగం పోలేదు. మెమో వచ్చింది. అప్పటికి జిల్లాలో ఇల్లిల్లూ తిరిగే మనుషులే సరిపోవడం లేదు.

హాస్టల్ నుంచి వచ్చిన మూడో రోజు మళ్ళీ సర్వేకి బయల్దేరింది. మా ఇల్లు కోటేశ్వరి వాళ్ళ వీధిలో రెండోది. వస్తూనే జ్వరముందా అని అడగలేదు. వాకిట్లో నిలబడి, "కోటేశ్వరి అబద్ధం చెప్పలా. వాడు వొచ్చింది మా ఇంటికి. నాకు తెలిసీ చెప్పలా," అంది. ఆ తరువాత జ్వరం సంగతి అడిగింది. లేదన్నాం. పక్కింటికి వెళ్ళి మళ్ళీ అదే మాట చెప్పింది. కొందరు జాలిపడ్డారు. ఎక్కువమంది భయపడ్డారు. "రేపు మన పేరు ఏం రాస్తదో," అని మా వెనకింటివాళ్ళు గొణగడం నేను విన్నాను.

కోటేశ్వరి తలుపు తీయలేదు. కిటికీలోంచే చెప్పింది. "ముగ్గురం. ఎవరికీ ఏం లేదు. రాసుకో."

మాణిక్యమ్మ రాసింది. రాసిన పేజీని కిటికీ వైపు తిప్పి, చేయి చాచి పట్టుకుంది. కోటేశ్వరి ఊచల వెనక నుంచి పేర్లన్నీ ఒక్కొక్కటిగా, తొందరపడకుండా చదివింది. చదివేదాకా మాణిక్యమ్మ చేయి దించలేదు.